బెలుం గుహల ఫొటోలు: మసగ్గా వచ్చాయా? షార్ప్‌నెస్ పెంచే ముందు ఇది తెలుసుకోండి!

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలకు వెళ్తే ఫోన్ నిండా ఫొటోలే. తీరా ఇంటికొచ్చి చూస్తే చాలావరకు మసక మసగ్గా ఉంటాయి. వెంటనే ఎడిటింగ్ యాప్ తెరిచి షార్ప్‌నెస్‌ను చివరిదాకా జరిపేస్తారు. అంతే.. గోడ నిండా చుక్కలు, అంచుల చుట్టూ తెల్ల గీతలు, మనుషుల ముఖాలేమో ఇసుక చల్లినట్టు! అసలు తేడా ఎక్కడ కొడుతోంది?

గుహలో కెమెరాకు కష్టమెందుకు?

3,229 మీటర్ల పొడవున్న ఈ గుహల్లో దాదాపు కిలోమీటరున్నర మాత్రమే పర్యాటకులు చూడగలరు. పాతాళగంగ దగ్గర లోతు 46 మీటర్లు. అక్కడ ఎండ పొడ ఉండదు, కరెంటు దీపాలే దిక్కు. వెలుతురు చాలనప్పుడు ఫోన్ షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. ఆలోపు చెయ్యి కదిలితే ఫొటో చెదిరిపోతుంది. అది చాలక సెన్సర్ సిగ్నల్‌ను కూడా పెంచుతుంది. దాంతో చీకటి భాగాల్లో చుక్కలు తేలతాయి. దీన్నే నాయిస్ అంటారు.

షార్ప్‌నింగ్ చేసేది ఇదే

ఫొటోలో లేని వివరాన్ని షార్ప్‌నింగ్ తీసుకురాలేదు. వెలుగు, చీకటి కలిసే అంచు దగ్గర వెలుగును ఇంకాస్త తెల్లగా, చీకటిని ఇంకాస్త నల్లగా మారుస్తుంది. దాంతో కంటికి స్పష్టంగా అనిపిస్తుంది. చిక్కేంటంటే, నాయిస్ చుక్క కూడా దానికి ఒక అంచే! రాతి గీతతో పాటు చుక్కకూ పదును పెట్టేస్తుంది. పైగా చాలా ఫోన్లు ఫొటో తీసేటప్పుడే కొంత షార్ప్‌నింగ్ చేసేస్తాయి. దానిపై మనం మళ్లీ చేస్తే డబుల్ డోసే.

మరి ఎలా ఎడిట్ చేయాలి?

* ముందు ఒరిజినల్‌కు కాపీ తీసుకుని, ఆ కాపీ మీదే పని చేయండి.
* క్రాప్, వెలుతురు, రంగు సరిచేశాక నాయిస్ కొద్దిగా తగ్గించండి. మరీ తగ్గిస్తే రాయి ప్లాస్టిక్‌లా నున్నగా అయిపోతుంది.
* షార్ప్‌నింగ్ ఎప్పుడూ చివర్లోనే. ఫొటోను జూమ్ చేసి, అంచు పక్కన తెల్ల గీత కనిపించేదాకా పెంచండి. అక్కడి నుంచి వెనక్కి తగ్గించండి.
* స్నాప్‌సీడ్‌లో 'స్ట్రక్చర్', 'షార్పెనింగ్' రెండూ ఒకేసారి పెంచేయొద్దు. ఎడిట్‌కు ముందు, తర్వాత పోల్చి చూసుకోండి.
* పది నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి మళ్లీ చూడండి. అతి ఏదైనా ఉంటే ఇట్టే తెలిసిపోతుంది.

రంగుల విషయంలో జాగ్రత్త

ఇక్కడిది నల్ల సున్నపురాయి. దీపాల వెలుగు పడి పసుపు ఛాయలో కనిపిస్తుంది. శాచురేషన్ పెంచితే అదే రాయి నిప్పులా మండిపోతుంది. ఆ ఫొటో చూసి వచ్చినవాళ్లకు లోపల అలాంటిదేమీ కనిపించదు. యుగాల పాటు నీరు చెక్కిన గీతలే ఇక్కడి అసలు అందం. అతిగా ఎడిట్ చేస్తే ముందు పోయేవీ అవే.

ఫొటో తీసేటప్పుడే సగం పని

గుహలో ఉక్కపోత ఎక్కువ కాబట్టి లెన్స్‌ను మెత్తటి గుడ్డతో తుడవండి. మోచేతులు ఒంటికి ఆనించి, నైట్ మోడ్‌లో రెండు మూడు షాట్లు తీయండి. చెయ్యి కదిలి చెదిరిన ఫొటోను షార్ప్‌నెస్ కాపాడలేదు, దాన్ని వదిలేసి బాగున్నది ఎంచుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నాణ్యత తగ్గుతుంది. అందుకే డాక్యుమెంట్‌గా పంపండి.