కండరాస్థి శాస్త్రాలలో డాక్టరేటు: ఆక్స్‌ఫర్డ్ ప్రవేశ విధానం

ఎముకలు, కీళ్లు, కండరాల నిర్మాణాన్ని, వ్యాధులను వివరించేవి కండరాస్థి శాస్త్రాలు. ఈ రంగంలో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ప్రదానం చేసే డాక్టరేటును ‘డీఫిల్’ అంటారు. కీళ్లవాతానికి టీఎన్ఎఫ్ నిరోధక చికిత్సకు పునాది వేసిన కెనడీ సంస్థ 2011లో ఈ విశ్వవిద్యాలయంలో చేరింది.

ఇక్కడ మార్కులు అర్హతను మాత్రమే తెలుపుతాయి. అభ్యర్థి ప్రశ్నకూ, పర్యవేక్షకుని పరిశోధనకూ గల పొందికే కీలకం. అందువల్ల దరఖాస్తుకు ముందే ఆ ఆచార్యుని ప్రచురణలు చదివి, వాటిలో మిగిలిన ఖాళీని గుర్తించి, సంప్రదించడం మేలు. ప్రవేశం, ఆర్థిక సహాయం వేర్వేరు నిర్ణయాలు. మొదటిది లభించి రెండవది లభించకపోతే చదువు ఆగిపోవచ్చు.

ప్రవేశం పొందినవారు తొలుత పరిశీలనార్థ విద్యార్థులు మాత్రమే. స్థాయి మార్పు, స్థాయి ధ్రువీకరణ అనే రెండు మదింపులు దాటిన తరువాతే సిద్ధాంతగ్రంథం మౌఖిక పరీక్షకు వెళుతుంది. ఆ మదింపులకు నిలిచే ప్రశ్ననే దరఖాస్తులో ప్రతిపాదించాలి.