నరకములో నవ్వు

గత వేసవిలో ఒకనాటి సాయంకాలము మా యింట నలుగురు మిత్రులము కూర్చుండి, ఉపశీర్షికల సాయముతో ఒక మెక్సికో చలనచిత్రమును చూచినాము. కళాశాలలో చదువుకొనుచున్న నా మేనల్లుడును మాతో ఉన్నాడు. చిత్రము సగము నడచునప్పటికి గదిలో రెండు పక్షములు ఏర్పడినవి. మేనల్లుడు పొట్ట పట్టుకొని నవ్వుచున్నాడు. నాతో పాతికేండ్లుగా పాఠములు చెప్పుచున్న మిత్రు డొకరు మాత్రము లేచి నిలుచుండి, "ఇన్ని శవముల నడుమ నవ్వవలసినది ఏమున్నదయ్యా?" అని అడిగి, చెప్పులు తొడుగుకొని వెళ్లిపోయినారు. నాకు జవాబు తోచలేదు. ఏలయనగా, ఆ ముందు నిమిషముననే నేనును నవ్వినాను.

ఆ చిత్రము పేరు "ఎల్ ఇన్ఫియెర్నో"; అనగా నరకము. దర్శకుడు లూయిస్ ఎస్త్రాదా. 2010 సెప్టెంబరు 3వ తేదీన మెక్సికోలో విడుదలయినది. బెన్నీ అనువాడు ఇరువది ఏండ్లు అమెరికాలో కాయకష్టము చేసి, అక్కడివారు వెళ్లగొట్టగా స్వగ్రామమునకు తిరిగివచ్చును. ఉన్న కాస్త సొమ్ము దారిలోనే దోపిడికి పోవును. ఇల్లు చేరునప్పటికి తమ్ముడు హత్యకు గురియై ఉన్నాడు. ఊరంతయు మాదకద్రవ్యముల వర్తకుల చేతిలో ఉన్నది. తమ్ముని భార్యను, ఆమె కుమారుని ఆదుకొనవలెనన్న డబ్బు కావలెను. డబ్బు దొరకు చోటు ఆ ఊరిలో ఒక్కటే. చిన్ననాటి స్నేహితుడు కోచిలోకో చేయి పట్టుకొని బెన్నీ ఆ కొలువులో చేరును. కొత్త బూట్లు వచ్చును, పెద్ద టోపీ వచ్చును, మెడలోకి బంగారము వచ్చును. ఆ వేషములో అతడు వీధి వెంట నడచుచుండగా నవ్వనివాడు ఉండడు. దమియన్ అల్కాసర్ బెన్నీగాను, హొవాకీన్ కొసియో కోచిలోకోగాను నటించినారు. కోచిలోకో ఇంట బిడ్డలను ముద్దులాడు తండ్రి. బయట హత్యయే వృత్తిగా గలవాడు. అతడు ఏ పని చేసినను కూరగాయల బేరము చేసినంత తాపీగా చేయును. మన నవ్వునకు మూలము ఆ తాపీతనమే.

ఈ నవ్వు ఎట్టి కాలమున పుట్టినదో తెలిసికొనవలెను. 2006 డిసెంబరులో అధికారమునకు వచ్చిన అధ్యక్షుడు ఫెలిపె కాల్దెరోన్ ముఠాల మీదికి సైన్యమును పంపినాడు. అటు తరువాత హత్యలు తగ్గక, మిక్కిలి పెరిగినవి. ఈ చిత్రము విడుదలకు పది దినములు ముందు, ఆగస్టు 24న, తమావులీపాస్ రాష్ట్రములోని సాన్ ఫెర్నాందో వద్ద 72 మంది వలసకూలీల శవములు బయటపడినవి. ఆ సెప్టెంబరులోనే స్వాతంత్ర్య సమరపు ద్విశతాబ్ది ఉత్సవములు. వీధులకు తోరణములు కట్టుచున్న ఆ దినములలో, పండుగ చేసికొనుటకు ఏమియు లేదను మాటను ప్రకటనలలో అచ్చువేసి ఈ చిత్రము జనుల ముందుకు వచ్చినది. జనము విరివిగా చూచినారు. మరుసటి సంవత్సరము ఆ దేశపు ఏరియల్ బహుమానములలో ఉత్తమ చిత్రము, ఉత్తమ దర్శకత్వము మొదలయినవి దీనికే దక్కినవి.

ఇట్టి చిత్రముల మీద వచ్చు ఆక్షేపణలు రెండు. దేశము పరువు వీధిన పెట్టినారన్నది మొదటిది. హంతకులను నవ్వుల బొమ్మలుగా చేసి ముద్దు చేసినారన్నది రెండవది.

మొదటి ఆక్షేపణ మెక్సికోలో కొత్తది కాదు. 1950లో లూయిస్ బునుయేల్ "లోస్ ఓల్విదాదోస్" అను చిత్రమును తీసినాడు. రాజధానీ నగరపు మురికివాడలలో అందరును మరచిపోయిన బాలుర కథ అది. అందొక తల్లి ఆకలితో వచ్చిన కన్నకొడుకునకు అన్నము పెట్టదు. మెక్సికో తల్లి ఏనాడును ఇట్లు చేయదని అలిగి, చిత్రములో పనిచేయుచున్న కేశాలంకరణకర్త్రి పని మానుకొని పోయినదని బునుయేల్ తన జ్ఞాపకములలో చెప్పుకొన్నాడు. విడుదలయిన కొలది దినములకే ప్రదర్శన ఆగిపోయినది. పరదేశి వచ్చి మనలను అవమానించినాడని కేకలు పుట్టినవి. 1951లో కాన్ చలనచిత్రోత్సవమున బునుయేల్‌కు దర్శక బహుమానము వచ్చిన పిదప గాని స్వదేశమున ఆ చిత్రమునకు మన్నన కలుగలేదు. 2003లో యునెస్కో దానిని ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చినది. అనగా పరువు తీసినదన్న చిత్రమే కడకు పరువు నిలిపినది.

ఎస్త్రాదాకును ఈ చేదు తెలియనిది కాదు. 1999 నాటి ఆయన చిత్రము "లా లేయ్ దె ఎరోదెస్" అధికారపక్షమును పేరు పెట్టి ఎగతాళి చేసినది. దానిని అణచివేయ చూచినారు. 2000లో అది ప్రజల ముందుకు రానే వచ్చినది. ఆ యేడు జులై ఎన్నికలలో, 71 ఏండ్లుగా అధికారము వదలని పక్షము అధ్యక్ష పదవిని పోగొట్టుకొన్నది. చిత్రము వలననే ఓడినదనుట అతిశయోక్తి. కాని జనుల నవ్వునకు పెద్దలు భయపడుట మాత్రము అతిశయోక్తి కాదు.

ఇక రెండవ ఆక్షేపణ. మా మిత్రుని ప్రశ్నయు ఇదియే. మన ఆలంకారికులు ఆయన పక్షమే వహింతురు. హాస్యమునకు భయానకముతోను కరుణముతోను విరోధమని సాహిత్యదర్పణకారుడు విశ్వనాథుడు చెప్పినాడు. అయితే భరతుడు హాస్యమును స్మితము మొదలు అతిహసితము వరకు ఆరు విధములుగా విభజించినాడు. నవ్వు అంతయు ఒక్కటి కాదని దీని భావము. "కన్యాశుల్కము"ను చూచి నవ్విన మన పెద్దలు పసిపిల్లల విక్రయము వేడుక అని నవ్వలేదు; విక్రయించుచున్న పెద్దమనుష్యుల వేషము జారిపోయినదని నవ్వినారు. మెక్సికో ప్రేక్షకుని నవ్వును ఆ జాతిదే. మృత్యువును చూచి నవ్వుట ఆ జాతి స్వభావమని కొందరు తేలికగా తేల్చివేయుదురు. కాని ఈ చిత్రమున నవ్వు పుట్టునది శవమును చూచి కాదు. శవము ప్రక్కనే దేశభక్తిని గూర్చి ఉపన్యసించు పెద్దను చూచి.

అయినను రెండవ ఆక్షేపణను పూర్తిగా కొట్టివేయుటకు నా మనస్సు ఒప్పుకొనదు. బెన్నీ టోపీని చూచి నవ్విన యువకులలో ఆ టోపీని కోరుకొన్నవారు లేరని ఎవరు చెప్పగలరు? దర్శకునకు ఈ సంగతి తెలియునని నేను అనుకొందును. కనుకనే నవ్వించి నవ్వించి, చివర ఆ నవ్వును తానే వెనుకకు తీసికొన్నాడు. సెప్టెంబరు 15వ తేదీ రాత్రి అక్కడ ఊరూర స్వాతంత్ర్య నినాదము చేయుదురు. 1810లో మిగెల్ ఇదాల్గో అను మతగురువు ఇచ్చిన పిలుపునకు అది స్మరణ. చిత్రములో ముఠా నాయకుడే పురపాలకుడై ఆ వేదిక నెక్కును. జనులలో నుండి బెన్నీ తుపాకి ఎత్తును. 2008లో అదే పండుగ రాత్రి మొరేలియా నగరమున జనుల మీద చేతిబాంబులు పడినవి, పలువురు మరణించినారు. అది మరువని ప్రేక్షకునకు ఈ ఘట్టమున నవ్వు ఎక్కడ నుండి వచ్చును? ఇంతటితో ముగియదు. బెన్నీ ఎవనిని కాపాడవలెనని ఈ బురదలో దిగినాడో, ఆ పిల్లవాడే కడకు తుపాకి పట్టును.

ఆ దృశ్యము వచ్చునప్పటికి మా గదిలో ఎవరును నవ్వుట లేదు. దీపము వేసిన తరువాత మేనల్లుడు చాలసేపు మాటలాడలేదు. పిదప మెల్లగా, "ఆ బండి, ఆ గొలుసు చూచి బాగున్నవనుకొన్నాను మామయ్యా" అన్నాడు. ఆ ఒక్క మాట కొరకైనను ఈ చిత్రమును తీయవచ్చునని నాకు తోచినది.

హాస్యరసమునకు అధిదేవతలు ప్రమథులని భరతుడు చెప్పినాడు. శ్మశానవాసి అయిన స్వామికి వారు పరివారము. ఇన్నేండ్లుగా ఈ సంగతిని తరగతిలో చెప్పి, పరీక్షలలో అడిగి, మార్కులు వేసినాను. అందలి అర్థము ఇప్పుడు తెలియుచున్నది. శ్మశానమున నిలిచి నవ్వుట తప్పు కాదు. ఎవరిని చూచి నవ్వుచున్నామో, ఎక్కడ ఆపినామో అదియే మనలను పట్టి ఇచ్చును.

మా మిత్రుడు ఆనాడు చివరి గంట చూడలేదు. వచ్చే ఆదివారము మరల రమ్మని కబురు పంపినాను.