మన క్యాన్‌బెర్రా బాంబర్‌ని సిమ్యులేటర్‌లోకి తేవాలంటే: ఫోన్ కెమెరా, బ్లెండర్, బోలెడంత ఓపిక

ఫ్లైట్ సిమ్యులేటర్ అనగానే యూట్యూబ్‌లో మనకి కనిపించేది ఒకటే. శంషాబాద్‌లో ఎయిర్‌బస్ ఎక్కించి గన్నవరంలో దింపడం. అందులో తప్పేం లేదు, నేనూ చూస్తా. కానీ ఈ హాబీలో ఇంకో బ్యాచ్ ఉంది. మ్యూజియంలో దుమ్ము పట్టిన పాత విమానాల్ని రివెట్‌తో సహా మళ్ళీ కట్టి, కంప్యూటర్‌లో ఎగిరించేవాళ్ళు. బ్రిటన్ వాళ్ళ వల్కన్ బాంబర్‌ని జస్ట్ ఫ్లైట్ అనే కంపెనీ డబ్బులకి అమ్ముతోంది. ఫ్రీగా దొరికే ఫ్లైట్‌గేర్‌లో వల్కన్, విక్టర్ రెండూ వాలంటీర్లు కట్టినవే.

మరి మన సంగతి? మనకీ ఒక జెట్ బాంబర్ ఉండేది. పేరు క్యాన్‌బెర్రా. ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ కంపెనీ తయారుచేసిన ఈ విమానం 1949 మే 13న మొదటిసారి ఎగిరింది. మన ఎయిర్‌ఫోర్స్‌లోకి 1957లో వచ్చి, 2007 మేలో రిటైర్ అయింది. యాభై ఏళ్ళు! మనం మూడేళ్ళకోసారి ఫోన్ మార్చేస్తాం. 1961లో కాంగోలో ఐక్యరాజ్యసమితి తరఫున ఎగిరింది, అదే ఏడాది డిసెంబర్‌లో గోవాలో దబోలిం రన్‌వే మీద బాంబులు వేసింది. 1965, 1971 యుద్ధాలు చూసింది. వింగ్ కమాండర్ జగ్గీ నాథ్ చైనా సరిహద్దు ఫొటోలు తీసింది దీంట్లోనే, ఆయనకి రెండుసార్లు మహావీర చక్ర వచ్చింది. 1999 మే 21న కార్గిల్ దగ్గర ఫొటోలు తీస్తున్న క్యాన్‌బెర్రాకి మిసైల్ తగిలి ఒక ఇంజిన్ పోయింది. స్క్వాడ్రన్ లీడర్ పెరుమాళ్, మిగిలిన ఒక్క ఇంజిన్‌తో దాన్ని శ్రీనగర్‌లో దింపాడు.

ఆ ఒక్క ఇంజిన్ లాండింగే నన్ను ఈ పనిలోకి లాగింది. వీకెండ్స్‌లో ధవళేశ్వరంలో ఇంటి మేడ మీద కూర్చుని, ఫ్లైట్‌గేర్ కోసం బీఐ-58 వెర్షన్ కడుతున్నా. ఈ పని ఎలా ఉంటుంది, ఏం కావాలి అని అడిగేవాళ్ళ కోసం ఇది రాస్తున్నా.

బొమ్మ చెయ్యడం ఈజీ, ఎగిరించడం కష్టం

ముందు ఆకారం. బ్లెండర్ ఫ్రీ సాఫ్ట్‌వేర్. మూడు వైపుల డ్రాయింగ్స్ బ్యాక్‌గ్రౌండ్‌లో పెట్టి దాని మీద గీసుకుంటూ పోవడమే. కానీ డ్రాయింగ్స్‌లో ఒంపులు సరిగ్గా తెలియవు. అక్కడే మీ ఫోన్ పనికొస్తుంది. రియాలిటీస్కాన్ లాంటి యాప్‌తో ఒక వస్తువు చుట్టూ తిరిగి ఫొటోలు తీస్తే అది త్రీడీ మోడల్ చేసిపెడుతుంది. ఒక ఫొటోకీ పక్క ఫొటోకీ సగానికి పైగా సీన్ కలవాలి. ఎక్స్‌పోజర్ లాక్ చెయ్యాలి, జూమ్ ముట్టుకోకూడదు. అల్ట్రావైడ్ లెన్స్ అస్సలు వద్దు, అంచులు వంగిపోతాయి. మెరిసే లోహం ఈ యాప్స్‌కి పడదు, కాబట్టి మబ్బు పట్టిన రోజు గానీ తెల్లవారుజామున గానీ తియ్యండి.

క్యాన్‌బెర్రా చూడాలంటే ఎక్కడో దూరంగా ఉన్న మ్యూజియం దాకా పోవాలి. ప్రాక్టీస్‌కి అంత దూరం ఎందుకు? విశాఖ బీచ్ రోడ్‌లో కురుసుర సబ్‌మెరైన్‌కి ఎదురుగా టీయూ-142 ఉంది. 2017 డిసెంబర్ నుంచి జనాన్ని లోపలికి కూడా పంపుతున్నారు. అది జెట్ కాదు, ప్రొపెల్లర్లది, కానీ టీయూ-95 బాంబర్‌కి సొంత తమ్ముడే. అంత పెద్ద ఫ్యూజలేజ్ మీద మీ ఫోన్ నెగ్గితే క్యాన్‌బెర్రా లెక్కే కాదు.

ఇక అసలు పని ఫ్లైట్ మోడల్. ఎక్స్-ప్లేన్ అయితే రెక్క ఆకారం ఇస్తే ముక్కలు ముక్కలుగా విడగొట్టి గాలి బలం తనే లెక్కేసుకుంటుంది. ఫ్లైట్‌గేర్‌లో నేను వాడే జేఎస్‌బీసిమ్ అలా కాదు. బరువు, బరువు ఎక్కడ ఉంది, ఏ కోణంలో ఎంత లిఫ్ట్, ఎంత డ్రాగ్, అన్నీ ఎక్స్‌ఎంఎల్ టేబుల్స్‌లో మనమే రాయాలి. కోడింగ్ చేసేవాళ్ళకి ఇది అర్థమవుతుంది: ఆ కాలం పైలట్ల మాన్యువలే మన రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంట్. అందులో ఉన్న ప్రతి స్పీడూ ఒక టెస్ట్ కేస్. ఫలానా బరువుతో, ఫలానా స్పీడ్‌లో ఎక్కితే ఇంత టైమ్‌లో ఇంత ఎత్తు రావాలి. రాకపోతే టెస్ట్ ఫెయిల్, మళ్ళీ టేబుల్ దగ్గరికి.

అన్నిట్లోకీ ముదురు టెస్ట్ ఇంజిన్ ఒకటి ఆపెయ్యడం. క్యాన్‌బెర్రాకి రెండు ఏవన్ ఇంజిన్లు ఉంటాయి, బాడీకి అతుక్కుని కాదు, రెక్కల మధ్యలో దూరంగా. ఒకటి ఆగితే రెండోది ముక్కుని పక్కకి తోసేస్తుంది. దాన్ని ఆపాల్సింది రడ్డర్. ఈ విమానంలో కంట్రోల్స్‌కి హైడ్రాలిక్ సాయం లేదు, పైలట్ కాలి బలమే. స్పీడ్ తగ్గితే రడ్డర్ మీద గాలి తగ్గుతుంది, ఒక స్పీడ్ దాటి కిందికి వస్తే ఎంత తొక్కినా లాభం లేదు. పైగా ఆ కాలం జెట్ ఇంజిన్ థ్రాటిల్ తొయ్యగానే పుంజుకోదు, టైమ్ తీసుకుంటుంది. బ్రిటన్‌లో ఈ ఒక్క ఇంజిన్ ట్రైనింగ్‌లోనే చాలామంది చనిపోయారు. కార్గిల్‌లో ఆ పరిస్థితి ట్రైనింగ్‌లో రాలేదు, మిసైల్ తగిలాక వచ్చింది. సిమ్యులేటర్‌లో ఇది ఈజీగా దిగిపోతుంటే మీ మోడల్ అబద్ధం చెప్తున్నట్టే. చాలా ఫ్రీ మోడల్స్‌లో నాకు నచ్చనిది ఇదే, మెరుపులన్నీ పెయింట్‌లో ఉంటాయి, రడ్డర్‌లో ఏమీ ఉండదు.

ముక్కులో కూర్చున్న మనిషి

బీఐ-58లో పైలట్‌ది ఫైటర్ విమానం లాంటి గాజు బుడగ, కొంచెం ఎడమ పక్కకి జరిగి ఉంటుంది. నావిగేటర్ ముందు ముక్కులో ఉంటాడు, బాంబు వేసేటప్పుడు బోర్లా పడుకుని చూస్తాడు. పైలట్‌కి ఎజెక్షన్ సీట్ ఉంది, నావిగేటర్‌కి లేదు. మాన్యువల్‌లో ఈ విషయం ఒక లైన్‌లో అయిపోతుంది. కాక్‌పిట్ మోడల్ చేస్తుంటే మాత్రం అలా పోదు, ఎందుకంటే ఆ చోటు మనమే కట్టాలి: తలుపు ఎక్కడ, అక్కడి నుంచి తలుపు దాకా ఎలా పాకాలి, ఎంత ఇరుకు. నేను నావిగేటర్ వ్యూ కూడా పెడుతున్నా. బాంబులు వేసే బటన్ కన్నా అది ముఖ్యం అని నా ఉద్దేశం.

ఆ విమానాలు నడిపినవాళ్ళలో చాలామంది ఇప్పుడు పెద్ద వయసువాళ్ళు. మీ వీధిలో, మీ చుట్టాల్లో ఎయిర్‌ఫోర్స్‌లో క్యాన్‌బెర్రా మీద పనిచేసిన పెద్దాయన ఎవరైనా ఉంటే, ముందు వెళ్ళి కూర్చోండి. ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, పర్మిషన్ అడిగి, స్టార్ట్ చేసేటప్పుడు ఏ శబ్దం వచ్చేది, చెయ్యి ముందు దేని మీదకి వెళ్ళేది అని అడగండి. ఇంజిన్ స్టార్ట్ అవ్వడానికి తూటా లాంటి కార్ట్‌రిడ్జ్ పేల్చేవాళ్ళు, నల్లటి పొగ లేచేది. పొగ ఏ వీడియోలోనైనా దొరుకుతుంది, చెయ్యి ముందు ఎటు వెళ్ళేదో ఆయన్నే అడగాలి.

టెస్టింగ్‌కి నా రూట్ ఇది. మధురపూడి రన్‌వే నుంచి లేచి, దక్షిణంగా తిరిగి బ్యారేజీ మీదకి. 250 నాట్స్‌లో నిమిషానికి 7.7 కిలోమీటర్లు, అంటే మూడు నిమిషాల లోపే మా ఊరు. నా సీనరీలో గోదావరి ఉంది గానీ బ్యారేజీ లేదు, కాబట్టి అదీ కట్టాల్సి వచ్చింది. ఒక గేటు చేసి 175 సార్లు కాపీ: ధవళేశ్వరం 70, ర్యాలి 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39. కాటన్ మ్యూజియంలో ఆనకట్ట మోడల్స్ చూస్తూ పెరిగినవాడికి ఇది పెద్ద పని కాదు. బ్యారేజీ కొలతలు తెలిసినవి కాబట్టి కింద అదే నా స్కేల్, విమానం సైజు, స్పీడ్ రెండూ సరిగ్గా ఉన్నాయో లేదో అక్కడే తేలిపోతుంది.

ఏం కొనాలి? ఫ్లైట్‌గేర్‌కి మామూలు ల్యాప్‌టాప్ చాలు. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2024కి అయితే కనీసం 16 జీబీ ర్యామ్ అడుగుతున్నారు, 32 ఉంటే మంచిది. జాయ్‌స్టిక్ తిప్పితే రడ్డర్ తిరిగేది తీసుకోండి, లాజిటెక్ ఎక్స్‌ట్రీమ్ త్రీడీ ప్రో చాలు. రెండు ఇంజిన్లకి వేరే వేరే థ్రాటిల్ లేకపోయినా కీబోర్డ్‌తో సర్దుకోవచ్చు. తల తిప్పితే వ్యూ తిరగాలంటే ఓపెన్‌ట్రాక్ ఫ్రీ, వెబ్‌క్యామ్‌తోనే పనిచేస్తుంది. రడ్డర్ పెడల్స్ మాత్రం ఇప్పుడే కొనకండి. ముందు ఒక నెల ఆ ఒక్క ఇంజిన్ లాండింగ్ ట్రై చేసి, మధురపూడిలో పదిసార్లు దింపగలిగితే అప్పుడు చూద్దాం.