కొవ్వు రెక్క చూశాకే కూర సంగతి

కాలిఫోర్నియాలోని ఫోల్సమ్‌లో మా ఇంటికి దగ్గర్లోనే అమెరికన్ నది. 1955లో దాని మీద నింబస్ డ్యామ్ కట్టాక, గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వచ్చే చేపలకు దారి అక్కడితో ఆగిపోయింది. ఆ నష్టానికి బదులుగా డ్యామ్ కిందే చేపపిల్లల్ని పొదిగించి పెంచే హేచరీ పెట్టారు. అలా వచ్చే చేపల్లో చినూక్ సాల్మన్ గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. స్టీల్‌హెడ్ మళ్లీ సముద్రానికి పోగలదు, గట్టి పిండం!

గాలానికి వెనక్కి తిరిగిన ముల్లు ఉండకూడదు. స్టీల్‌హెడ్ పడితే నీళ్లలోనే ఉంచి, వీపు మీద తోకకు ముందుండే చిన్న కొవ్వు రెక్క చూస్తాను. కత్తిరించి ఉంటే హేచరీ చేప, తెచ్చుకోవచ్చు. రెక్క ఉంటే నదిలో పుట్టింది, వదిలెయ్యాల్సిందే. పులుసు కోసం వచ్చిన మావాళ్లకు ఇది మింగుడుపడదు. నాకైతే సబబే అనిపిస్తుంది. చేపలు బాగా తగ్గిపోవడంతో 2023, 2024లో ఇక్కడ సాల్మన్ వేట మొత్తం ఆపేశారు మరి.

గాలం వేసేముందు లైసెన్సు, స్టీల్‌హెడ్ రిపోర్ట్ కార్డు తీసుకోండి. ఆ సంవత్సరం నిబంధనలూ చూసుకోండి.