గర్భకాల గణన

గర్భకాల గణన అనగా గర్భిణికి ఎన్ని వారాలు నిండినవో, కాన్పు సుమారుగా ఏ తేదీకి కావచ్చునో లెక్క కట్టడం. ఈ లెక్కను వైద్యులు నెలలలో కాక వారాలు, రోజులలో చెబుతారు. ఆఖరి బహిష్టు మొదలైన రోజు ఈ లెక్కకు ప్రారంభం. ఆనాటి నుండి 280 రోజులను, అంటే 40 వారాలను పూర్తి గర్భకాలంగా పరిగణిస్తారు.

రెండు వారాల తేడా

బహిష్టు మొదలైన రోజున గర్భం ఉండదు. 28 రోజుల ఋతుచక్రం గల స్త్రీలో అండం సుమారు 14వ రోజున విడుదలవుతుంది. ఫలదీకరణ ఆ తరువాత ఒక రోజు లోపే జరగాలి. కనుక వైద్యుల లెక్కలోని మొదటి రెండు వారాలు నిజానికి గర్భం లేని వారాలు. అండం విడుదలైన రోజు సాధారణంగా ఎవరికీ తెలియదు, బహిష్టు అయిన రోజు తెలుస్తుంది. అందువలన తెలిసిన రోజు నుండే లెక్కించడం ఆచారమైనది.

ఈ సంగతి తెలియక కొన్ని ఇళ్ళలో అనవసరమైన అనుమానాలు పుడుతుంటాయి. భర్త గల్ఫ్ నుండి ఊరికి వచ్చి ఐదు వారాలైనది, స్కానింగు కాగితంలో ఆరు వారాల గర్భమని ఉన్నది అనుకుందాం. ఇందులో వైరుధ్యమేమీ లేదు. ఆ కాగితంలోని ఆరు వారాలంటే ఫలదీకరణ జరిగి సుమారు నాలుగు వారాలు అని అర్థం. కొత్తగా పెళ్ళయిన వారి విషయంలోనూ ఇంతే.

నేగెలె సూత్రం

కాన్పు తేదీని వేళ్ళ మీద లెక్కించే పద్ధతి జర్మనీ దేశపు ప్రసూతి వైద్యుడు ఫ్రాంజ్ కార్ల్ నేగెలె (1778-1851) పేరుతో ప్రసిద్ధమైనది. అంతకు ముందే డచ్చి వైద్యుడు హెర్మాన్ బోర్‌హావ (1668-1738) ఇటువంటి లెక్కనే చెప్పాడు. ఆఖరి బహిష్టు మొదటి రోజుకు ఏడు రోజులు, ఆపై తొమ్మిది నెలలు కలపాలి. ఉదాహరణకు బహిష్టు 2024 జూన్ 10న మొదలైతే, కాన్పు తేదీ 2025 మార్చి 17. ఆమె అదే సంవత్సరం సెప్టెంబరు 2న ఆసుపత్రికి వెళితే 84 రోజులు, అనగా సరిగ్గా 12 వారాలు నిండినట్లు.

ఈ ఉదాహరణలో సరిగ్గా 280 రోజులే వచ్చినా, నెలల్లో రోజుల సంఖ్య సమానం కానందున అన్నిసార్లూ అలా రాదు. 2024 ఏప్రిల్ 12 నుండి లెక్కిస్తే సూత్రం ప్రకారం 2025 జనవరి 19 వస్తుంది, కాని అప్పటికి 282 రోజులవుతాయి. ఇది పెద్ద తేడా కాదు. ఋతుచక్రం 28 రోజులది కాకపోవడమే అసలు చిక్కు. 35 రోజులకొకసారి బహిష్టు అయ్యే స్త్రీలో అండం సుమారు 21వ రోజున విడుదలవుతుంది కనుక ఆమె తేదీకి మరొక వారం కలపాలి. పాలిచ్చే తల్లికి బహిష్టు తిరిగి రాకముందే గర్భం నిలిస్తే లెక్కకు మొదలే ఉండదు. గర్భం నిలిచిన తొలి రోజులలో కొందరికి కనిపించే కొద్దిపాటి రక్తాన్ని బహిష్టుగా పొరబడితే, గర్భం నెల రోజులు చిన్నదిగా తోస్తుంది.

కాన్పు తేదీ ఒక అంచనా మాత్రమే. సరిగ్గా ఆ రోజునే ప్రసవించేవారు సుమారు ఇరవైమందిలో ఒకరు.

నవమాసాలు

మన వాడుకలో తల్లి మోసేది నవమాసాలు, వైద్యుల లెక్కలో 40 వారాలు. రెండూ ఒకటేనా? ఫలదీకరణ నుండి కాన్పు వరకు 266 రోజులు. చాంద్రమాసం ఇరవైతొమ్మిదిన్నర రోజులకు కొంచెం ఎక్కువ. తొమ్మిది చాంద్రమాసాలు కలిపితే దాదాపు 266 రోజులే! బహిష్టు నుండి లెక్కిస్తే మాత్రం తొమ్మిదిన్నర చాంద్రమాసాలవుతాయి.

అయితే ఇళ్ళలో నెలలు లెక్కించే తీరు ఒక్కటిగా లేదు. కొందరు బహిష్టు నుండి, మరికొందరు నెల తప్పినప్పటి నుండి లెక్కిస్తారు. "ఐదో నెల" అంటే ఐదు నిండినవా, ఐదవది నడుస్తున్నదా అన్నది మరొక సందేహం. 20 వారాలు నిండిన స్త్రీకి ఐదవ నెల నడుస్తున్నట్లు, ఐదు నెలలు నిండినట్లు కాదు.

పల్లెల్లో బహిష్టు తేదీని పండుగతో గుర్తుంచుకునే అలవాటు ఉన్నది. తేదీ మరచిన వారిని "వినాయక చవితికి ముందా, తరువాతా?" అని అడగడం మంచి ఉపాయమే. కాని ఆ సంవత్సరపు పంచాంగం చూడాలి. వినాయక చవితి 2023లో సెప్టెంబరు 18న, 2024లో సెప్టెంబరు 7న వచ్చినది. 2023లో అధిక శ్రావణం కూడా వచ్చినది. మాసాల పేర్లతో లెక్కించేవారు అటువంటి సంవత్సరాలలో అధిక మాసాన్ని వదిలివేస్తే నెల రోజులు తప్పుతాయి.

స్కానింగుతో నిర్ణయం

ధ్వని తరంగాలతో గర్భస్థ శిశువును చూసే పద్ధతికి గ్లాస్గో నగరంలో ఇయాన్ డొనాల్డ్, ఆయన సహచరులు 1958లో ప్రచురించిన వ్యాసం నాంది. తొలి మూడు నెలల్లో పిండం తల నుండి పిరుదుల వరకు గల పొడవును కొలుస్తారు. ఆ దశలో పిండాలన్నీ దాదాపు ఒకే వేగంతో పెరుగుతాయి కనుక ఐదు నుండి ఏడు రోజుల తేడాతో గర్భకాలం తెలుస్తుంది. తరువాత తల చుట్టుకొలత, పొట్ట చుట్టుకొలత, తొడ ఎముక పొడవు కొలుస్తారు. కాని పెరుగుదలలో శిశువుకూ శిశువుకూ భేదం వస్తుంది. చివరి నెలల స్కానింగులో మూడు వారాల తేడా ఉండవచ్చును.

అందువలన తొలి స్కానింగుతో స్థిరపరచిన తేదీని తరువాతి స్కానింగులను బట్టి మార్చకూడదు. చివరి నెలలో శిశువు చిన్నదిగా కనిపిస్తే, అది తేదీ తప్పు కాక శిశువు ఎదగకపోవడం కావచ్చు. తేదీని వెనక్కు జరిపితే ఆ ప్రమాదం కప్పబడిపోతుంది.

టెస్ట్ ట్యూబ్ పద్ధతిలో ఈ సందేహాలు లేవు. ఐదు రోజుల పిండాన్ని గర్భాశయంలో ప్రవేశపెట్టిన రోజును 2 వారాల 5 రోజులుగా లెక్కిస్తారు.

స్కానింగు లేని చోట చేతితో పొట్ట పరీక్షించి గర్భాశయం ఎత్తును బట్టి అంచనా వేస్తారు. సుమారు 12 వారాలకు అది పొత్తికడుపు ఎముక పైకి, 20 వారాలకు బొడ్డు దగ్గరకు, 36 వారాలకు రొమ్ము ఎముక చివర వరకు వస్తుంది. కవలలున్నా, ఉమ్మనీరు ఎక్కువైనా ఇది తప్పుతుంది.

లెక్క తప్పితే

37 వారాలు నిండకుండా పుట్టిన శిశువు నెలలు నిండని శిశువు. 34 వారాలలోపు కాన్పు వచ్చే సూచన ఉంటే శిశువు ఊపిరితిత్తుల కొరకు తల్లికి స్టిరాయిడ్ సూదిమందు ఇస్తారు. 41 వారాలు దాటితే నొప్పులు తెప్పించే ఆలోచన చేస్తారు. గర్భస్రావ చట్టం (1971) కూడా వారాలతోనే ముడిపడి ఉన్నది. 2021 సవరణ ప్రకారం 20 వారాల వరకు ఒక వైద్యుని అభిప్రాయం చాలు. 20 నుండి 24 వారాల వరకు నిర్దేశించిన కొన్ని వర్గాల స్త్రీలకు మాత్రమే, ఇద్దరు వైద్యుల అభిప్రాయంతో అనుమతి ఉన్నది.

తెలుగు రాష్ట్రాలకు సంబంధించి మరొక విషయం చెప్పవలసి ఉన్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్ ద్వారా జరిగాయి. వీటిలో కొన్నింటికి కుటుంబం వారు ముహూర్తం పెట్టించుకొని వస్తారు. వైద్య కారణం లేని సిజేరియన్‌ను 39 వారాలు నిండకుండా చేయరాదన్నది ప్రసూతి వైద్యుల సూచన. లెక్కలో రెండు వారాలు తప్పు ఉంటే, 38 వారాలనుకొని తీసిన శిశువుకు నిజానికి 36 వారాలే నిండి ఉంటాయి. అటువంటి శిశువులు ఊపిరి అందక ప్రత్యేక సంరక్షణ విభాగంలో ఉండవలసిరావడం ఎక్కువ. ముహూర్తం చూసేవారు ముందుగా మాతా శిశు సంరక్షణ కార్డులో వ్రాసిన ఆఖరి బహిష్టు తేదీని, తొలి స్కానింగు కాగితాన్ని పక్కపక్కన పెట్టి చూసుకోవడం అవసరం.