హైదరాబాద్ – డాలస్: దారి చుట్టు తక్కువ, ఆగుడు ఎక్కువ

శంషాబాద్ నుంచి డాలస్–ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయానికి భూగోళం మీద అతి దగ్గర దారి దాదాపు 14,430 కిలోమీటర్లు. దుబాయ్ మీదుగా వెళ్తే సుమారు 15,480. అదనంగా పడేది 1,050 కిలోమీటర్లు, అంటే 7 శాతం. ప్రయాణ సమయం మాత్రం అంతకంటే చాలా ఎక్కువే పెరుగుతుంది.

విమాన వేగం గంటకు 900 కిలోమీటర్లు అనుకుందాం. ఎక్కడా ఆగకుండా వెళ్తే గాల్లో 16 గంటలు; రన్‌వే మీద పట్టే సమయమూ కలిపితే 17. దుబాయ్ మీదుగా అయితే మొదటి విమానానికి దాదాపు 4 గంటలు, రెండోదానికి 16, మధ్యలో నిరీక్షణ 3. మొత్తం 23.

తేడా 6 గంటలు. అందులో చుట్టుదారి వాటా 70 నిమిషాలే. 3 గంటలు టెర్మినల్‌లో కూర్చోవడానికే సరి. మిగిలినవి రెండోసారి ఎక్కడం, దిగడం, ఎదురుగాలి తినేస్తాయి.

దగ్గర దారి ఎటు?

గోడ మీది మ్యాప్ చూస్తే అమెరికాకు పడమరగా వెళ్లాలనిపిస్తుంది. నిజానికి ఈ దగ్గర దారి దాదాపు నేరుగా ఉత్తరానికి సాగి, ధ్రువానికి సుమారు 500 కిలోమీటర్ల దూరం నుంచి అవతలికి దిగుతుంది. అయితే ఆ గీత పట్టుకుని ఎగరడం తేలిక కాదు. అది ఎత్తైన కొండల మీదుగా పోతుంది. క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోతే విమానం 3 కిలోమీటర్ల ఎత్తుకు దిగాలి. అక్కడి శిఖరాలు కొన్ని 7 కిలోమీటర్లు దాటుతాయి. ఇంధనం మరో చిక్కు. బోయింగ్ 787–9 గరిష్ఠంగా వెళ్లగలిగేది దాదాపు 14,000 కిలోమీటర్లే. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,300 కిలోమీటర్లు ఆగకుండా వెళ్తున్నది ఎయిర్‌బస్ ఎ350లో ప్రత్యేక రకం.

తిరుగు ప్రయాణం

వచ్చేటప్పుడు సమయం కలిసొస్తుంది. 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ గాలులు విమానాన్ని ముందుకు తోస్తాయి. డాలస్–దుబాయ్ ప్రయాణం గంటకు పైగా తగ్గుతుంది.

గడియారం మాయ

డాలస్ మనకంటే వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. జూన్‌లో శనివారం రాత్రి 10కి బయలుదేరి 23 గంటలు ప్రయాణిస్తే, దిగేది అక్కడి ఆదివారం ఉదయం పదిన్నరకు.

టికెట్ కొనేటప్పుడు

దోహా మీదుగా దూరం సుమారు 15,670 కిలోమీటర్లు. దుబాయ్ దారి కంటే 190 ఎక్కువ, అంటే గాల్లో 13 నిమిషాలు. కాబట్టి ఏ ఊరి మీదుగా అన్నదాని కంటే అక్కడ ఎంతసేపు ఆపుతారో చూడాలి. మరీ తక్కువ వ్యవధీ మంచిది కాదు: మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే, మిగుల్చుకుందామన్న గంట ఒక పూటనో రోజునో మింగేస్తుంది.