వివరణ వ్యాసం - రకాలు

వ్యాసమనగానే మనలో చాలామందికి పరీక్ష హాలు గుర్తుకొస్తుంది. ఉపోద్ఘాతం, విషయం, ముగింపు అని కంఠస్థం చేసి నాలుగు పేజీలు నింపి బయటపడతాం. నేనూ అంతే. కానీ నిరుడు ఎండాకాలం మా నాయిన భూసార పరీక్ష కాగితం నా చేతిలో పెట్టి, "పి.హెచ్. 8.8 అని రాసిండ్రు. అంటే ఏంది బిడ్డా?" అని అడిగాడు. "హైడ్రోజన్ అయాన్ గాఢత యొక్క రుణ సంవర్గమానం" అన్నాను. ఆయన మారుమాట లేకుండా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాకు సిగ్గేసింది.

తెలియనివారికి తెలిసేటట్టు చెప్పేదే వివరణ వ్యాసం. కథలా రంజింపజేయడం, వాదంలా ఒప్పించడం దాని ముఖ్యోద్దేశం కాదు. అడిగే ప్రశ్నను బట్టి దాని రకం మారుతుంది. ఆ కాగితాన్నే ఉదాహరణగా తీసుకుందాం.

"ఏమిటి?" అంటే నిర్వచనం. పి.హెచ్. నేల గుణాన్ని తెలిపే కొలత. 7 తటస్థం, దిగువ ఆమ్లం, ఎగువ క్షారం.

"ఎన్ని రకాలు?" అంటే వర్గీకరణ. చెల్క, దుబ్బ, రేగడి అని నేలలను విడదీయడం ఇటువంటిదే. నేలను బట్టి మొదలుపెట్టి నడుమ పంటను బట్టి విడదీస్తే అంతా గందరగోళం.

"తేడా ఏమిటి?" అంటే పోలిక. పాలచౌడులో ఉప్పు ఎక్కువ. మురుగు పోయే దారి చేసి మంచినీళ్లతో కడిగితే తగ్గుతుంది. కారుచౌడులో సోడియం మట్టిని పట్టుకొని ఉంటుంది. ముందు జిప్సం వేయాలి, తర్వాతే నీళ్లు.

"ఎందుకు?" అంటే కారణం, ఫలితం. క్షారం ఎక్కువైతే నేలలో ఇనుము ఉన్నా వేరుకు సరిగా అందదు. అందుకే పల్లిచేను లేతాకులు పసుపుబారతాయి.

"ఎట్లా?" అంటే పద్ధతి. మట్టి నమూనాకు చేనులో ఎనిమిది, పది చోట్ల 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, పక్క మట్టి గీకి, అంతా కలిపి, అరకిలో మిగల్చాలి. ఇందులో వరుసే ప్రాణం. మన ప్రాక్టికల్ రికార్డు ఈ రకమే.

ఈ విద్యలో మనకు పెద్దదిక్కు ఎక్కడివాడో కాదు. 1896లో మన నడిగడ్డలోని బోరవెల్లిలో పుట్టి, 1952లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచిన సురవరం ప్రతాపరెడ్డిగారు. 1949లో వెలువడిన "ఆంధ్రుల సాంఘిక చరిత్ర"లో రాజుల యుద్ధాలకన్నా జనం తిండి, బట్ట, ఆటలు, ఆచారాలు ఎట్లా మారాయో వివరించారు. 1955లో దానికి సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆయనకు పాఠకుడు ఏమడుగుతాడో తెలుసు.

మా నాయిన మాత్రం అది పాలచౌడే అనుకొని నీళ్లు కట్టబోతున్నాడు. కాగితంలో ఉప్పు తక్కువ, పి.హెచ్. ఎక్కువ. ఆ సాయంత్రం గట్టు మీద కూర్చొని మళ్లీ చెప్పాను. "చింతపులుసు ఒక దిక్కు, బట్టల సోడా ఒక దిక్కు. మన చేను సోడా దిక్కుకు పోయింది నాయినా. ముందు జిప్సం వెయ్యాలె."

ఆయన కాసేపు చేను దిక్కు చూసి, "మొదలే ఇట్ల చెప్తే అయిపోవు గదరా" అన్నాడు.